ఎడమకాలికీ ఆట నేర్పిన అయ్యవారు

చిలమత్తూరు: వానలు మొహం చాటేసిన ఏడు మన చెరువులే పిల్లలకు ఆటస్థలాలు. నెర్రెలిచ్చిన చెరువు మట్టిని కాళ్లతోనే చదును చేసుకుని, ఈ కొసన రెండు రాళ్లు, ఆ కొసన రెండు రాళ్లు పెట్టుకుని పొద్దు గూకేదాకా ఆడుతుంటారు. చాలామంది కాళ్లకు చెప్పులుండవు. గుడ్డపీలికలు చుట్టి కట్టిన ఉండ అయినా సరే, వాళ్లకు అది బంతే.

ఇలాగే వట్టి కాళ్లతో బంతి తన్నే కుర్రాళ్లతో మన దేశం ఒకప్పుడు ఒలింపిక్ పోటీలకు వెళ్లిందంటే నేటి పిల్లలు నమ్మకపోవచ్చు. అలా వెళ్లి పది గోల్స్‌తో ఓడిపోయి తిరిగొచ్చిన దేశాన్ని, ఆ మరుసటి ఒలింపిక్స్‌లోనే సెమీఫైనల్‌లో నిలబెట్టిన మనిషి ఒకరున్నారు. ఆయన సీమదొర కాడు, శ్రీమంతుడు కాడు. హైదరాబాద్‌లో పాఠాలు చెప్పుకునే బడిపంతులు. మన పల్లెల మాటలో చెప్పాలంటే అయ్యవారు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆట తెలిసినవారందరికీ ఆయన రహీం సాహెబ్.

కొడికొండ మీదుగా సాగే రహదారి పట్టుకుని ఉత్తరానికి పోతే చేరేది ఆయన ఊరే. అయినా మన ప్రాంతంలో ఆయన పేరు విన్నవారు తక్కువ. 1963లో కన్నుమూసిన ఆ మనిషి కథను మన రైతుబిడ్డలు తెలుసుకోవడం అవసరం. చేతిలో ఉన్న కొద్దిపాటి వనరులతో ఎంత పండించవచ్చో ఆయన జీవితం చూపిస్తుంది. పండించినవాడు పోయాక చేను ఎలా బీడు పడుతుందో కూడా చూపిస్తుంది.

బడి నుంచి మైదానానికి

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి ఆ నగరం నిజాం ఏలుబడిలో ఉంది. మన చిలమత్తూరు ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగం. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉండే ఆంగ్ల సిపాయిలు ఆడే ఫుట్‌బాల్ ఆటను చూసి హైదరాబాద్ కుర్రాళ్లు నేర్చుకున్నారు. గల్లీల్లో, బడి ఆవరణల్లో ఆ ఆట పాతుకుపోయింది. రహీం కూడా ఆ గాలిలోనే పెరిగారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఆయన మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. నగరంలోని కమర్ క్లబ్ తరఫున కూడా ఆడారు. పట్టా పుచ్చుకున్నాక ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. నగరంలోని పలు పాఠశాలల్లో పనిచేశారు. ఆపైన వ్యాయామ విద్యలో శిక్షణ పొంది పిల్లలకు ఆటలు నేర్పే బాధ్యత కూడా తలకెత్తుకున్నారు.

ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతకడమనేది లేదు. ఆటగాడికి ఏదో ఒక కొలువు ఉండాలి. సాయంత్రం మైదానంలో ఎంత గొప్పగా ఆడినా, పొద్దున లేచి పనికి పోవలసిందే. రహీం సాహెబ్ సైతం అంతే. జీతం బడిలో, ప్రాణం మైదానంలో.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేదాకా ఇరవయ్యేళ్ల పాటు ఆ పదవిలోనే ఉన్నారు. ఆ పదవితో ఆయన చేసిందల్లా పోటీలు పెట్టించడం, పిల్లలను పోగుచేయడం, మట్టిలో మాణిక్యాలను వెతకడం.

పోలీసు జట్టు

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చే పని రహీం చేతికి వచ్చింది. ఆటగాళ్లంతా పోలీసు ఉద్యోగులే. ఆట బాగా ఆడే పేదింటి కుర్రాడికి ఖాకీ చొక్కా దొరికితే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ జట్టులో చోటు అంటే ఒక కుటుంబానికి బతుకుదెరువు.

అప్పటికి దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. 1911లో మోహన్ బగాన్ జట్టు, దాదాపు అందరూ వట్టి కాళ్లతోనే ఆడి, బూట్లు తొడిగిన ఆంగ్ల సైనిక జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచింది. ఆనాటి నుంచి కలకత్తా క్లబ్బులకు ఎదురు లేదనే పేరుండేది. దక్షిణాది నుంచి, అందునా పోలీసుల జట్టు ఒకటి వచ్చి ఆ క్లబ్బులను నిలువరించగలదని ఎవరూ అనుకోలేదు.

అదే జరిగింది. 1950లో హైదరాబాద్ పోలీసులు డ్యూరాండ్ కప్పు పోటీల్లో మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు పట్టుకొచ్చారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేళ్లు మరొకరికి వదలలేదు. 1956-57లోనూ, 1957-58లోనూ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కే దక్కింది.

బలహీనమైన కాలు

ఈ విజయాల వెనుక మంత్రమేమీ లేదు. ఉన్నదల్లా రహీం సాహెబ్ బోధన. ఆయన పద్ధతులు కొన్ని మన పల్లెటూరి బడుల్లోనూ పనికొస్తాయి.

సాధారణంగా ఏ ఆటగాడికైనా ఒక కాలే బలం. ఎక్కువమందికి అది కుడికాలు. ఎదుటివాడు ఆ సంగతి కనిపెడితే ఆ వైపు అడ్డం నిలబడతాడు. ఇక బంతి కదలదు. రహీం ఇందుకొక ఉపాయం చేశారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలనే నియమంతో ఏకంగా పోటీలు పెట్టించారు. కుడికాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి. మొదట్లో అందరూ నవ్వుకునేవారు, బోర్లాపడేవారు. కొన్నాళ్లకు రెండు కాళ్లూ ఒకటే అయ్యాయి.

బంతి దొరికిన వెంటనే దాన్ని అంటిపెట్టుకుని, ఒక్కడే నలుగురిని తప్పించుకుని పోవాలనే మోజు కుర్రాళ్లకు ఉంటుంది. చూసేవారు ఈలలు వేస్తారు, జట్టు ఓడుతుంది. అలా ఒంటరిగా బంతిని తీసుకుపోకూడదనే నియమంతోనూ ఆయన పోటీలు జరిపించారు. బంతి వచ్చిందా, తోటివాడికి అందించు, ఖాళీ చోటుకు పరుగెత్తు. ఆయన పాఠం ఇంతే. చిన్న మైదానాల్లో కొద్దిమందితో ఆడించి, క్షణంలో నిర్ణయం తీసుకోవడం అలవాటు చేయించారు.

పేదింటి పిల్లల అవసరాలు కూడా ఆయన చూసేవారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాంలోని ప్రతిభను కనిపెట్టింది ఆయనే. రోజూ శిక్షణకు రావడానికి డబ్బు లేదని ఆ కుర్రాడు వెనకాడితే, సైకిలు ఖర్చు తానే ఇచ్చి రప్పించారని చెప్పుకుంటారు. ఆ బలరామే తర్వాత రెండు ఒలింపిక్స్‌లలో దేశం తరఫున ఆడారు.

నీళ్లు కట్టేవాడి పని

ఆటగాళ్లను మైదానంలో ఎక్కడెక్కడ నిలబెట్టాలనే విషయంలోనూ రహీం ఆలోచన కొత్తది. జట్టుకు పదకొండుగురు. గోలు కాసేవాడు పోగా మిగిలేది పదిమంది. పాతకాలం పద్ధతిలో వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు అయిదుగురు ఉండేవారు. తరువాత ఇందులో కొన్ని మార్పులు వచ్చాయి. 1950ల తొలినాళ్లలో హంగేరీ జట్టు తన ముందువరుస ఆటగాడిని వెనక్కి లాగి ఆడించి ప్రపంచాన్నే ఆశ్చర్యపరచింది.

రహీం ఈ మార్పులను శ్రద్ధగా గమనించారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు అనే అమరిక వైపు తన జట్టును నడిపించారు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ఆ అమరికతో గెలిచాక లోకమంతా దాన్ని అనుకరించింది. అంతకుముందే మన దేశంలో ఆ దారి తొక్కినవాడు ఒక బడిపంతులు కావడం గమనార్హం.

ఈ అమరికలో అసలు భారం నడుమ ఉండే ఇద్దరిదే. మన చేలల్లో నీళ్లు కట్టేవాడి పని అందరికీ తెలిసిందే. కాలువలో వచ్చే కొద్దిపాటి నీటిని ఏ మడికి ఎప్పుడు తిప్పాలి, ఏ మడవ ఎప్పుడు మూయాలి, ఏ మొక్క వాడుతోంది అన్నది వాడే చూసుకోవాలి. పైరు పండితే ఆ పేరు నేలకు పోతుంది, వానకు పోతుంది. నీళ్లు కట్టినవాడిని ఎవరూ తలచరు. ఫుట్‌బాల్‌లో నడిమి ఆటగాడిదీ అదే పని. వెనుకవారి దగ్గర బంతి అందుకుని ముందువారికి చేర్చాలి, ఆట తిరగబడితే పరుగున వెనక్కి వచ్చి గండి పూడ్చాలి. హైదరాబాద్ పోలీసు జట్టులో నూర్ మహమ్మద్ అలాంటి ఆటగాడు. ఒలింపిక్స్ దాకా వెళ్లినవాడు.

ఢిల్లీలో గెలుపు, హెల్సింకీలో గుణపాఠం

1951 మార్చిలో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు కూడా నిండలేదు. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు రహీం, నాయకుడు శైలేన్ మన్నా. ఇండోనేషియా మీద 3-0తో, అఫ్ఘానిస్తాన్ మీద 3-0తో గెలిచి ఫైనల్ చేరారు. ఫైనల్‌లో ఇరాన్ మీద సాహూ మేవాలాల్ కొట్టిన ఏకైక గోలుతో స్వర్ణ పతకం మనకు దక్కింది. దేశమంతా పండుగ చేసుకుంది.

మరుసటి ఏడే ఆ సంబరం దిగిపోయింది. 1952 జూలైలో ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకీలో ఒలింపిక్స్ జరిగాయి. చలిదేశం. మన ఆటగాళ్లు ఎక్కువమంది అలవాటు ప్రకారం బూట్లు లేకుండానే దిగారు. అవతల యుగోస్లావియా. ఐరోపాలో మేటి జట్లలో ఒకటి. మ్యాచి ముగిసేసరికి 10-1. మన ఒక్క గోలు అహ్మద్ ఖాన్ కొట్టింది.

ఇంత పెద్ద ఓటమి తర్వాత మరొకరైతే చలి మీదో, నేల మీదో తప్పు నెట్టి ఊరుకునేవారు. రహీం దాన్ని పాఠంగా తీసుకున్నారు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తొడుక్కుని ఆడడం మన దేశంలో తప్పనిసరి అయింది. వట్టికాలితో పుట్టిన ఆటను బూటులోకి మార్చడం చెప్పినంత సులువు కాదు. బంతి తాకిన స్పర్శే మారిపోతుంది. ఏళ్ల తరబడి అలవాటైన కాలు మొరాయిస్తుంది. ముప్పయ్యేళ్లు ఎద్దుల మడకతో దున్నినవాడిని ఒక్కసారిగా ట్రాక్టరు ఎక్కించినట్టే. రహీం ఆ పనిని ఓపికగా చేయించారు.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 నవంబరు 1న హైదరాబాద్, ఆంధ్ర ప్రాంతాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంటే ఆ రోజు నుంచి చిలమత్తూరు, రహీం సాహెబ్ ఊరు ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిష్యులు బరిలోకి దిగారు. ఆ జట్టులో హైదరాబాద్‌లో ఆట నేర్చినవారు పలువురు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ వారిలో ఉన్నారు.

తొలి రౌండులో తలపడవలసిన హంగేరీ పోటీకి రాలేదు. తమ దేశంలో చెలరేగిన తిరుగుబాటే అందుకు కారణం. రెండో రౌండులో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదే, వారి జనం ఎదుటే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే మ్యాచిలో మూడు గోల్స్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు అతడే.

సెమీఫైనల్‌లో ఎదురైంది ఎవరో కాదు, నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన యుగోస్లావియానే. ఈసారి సగం ఆట అయ్యేసరికి ఒక్క గోలూ పడలేదు. విరామం తర్వాత తొలి గోలు కొట్టింది మనవాళ్లే. కొద్దిసేపు ఒలింపిక్ ఫైనల్ కళ్ల ముందు నిలిచింది. ఆ తర్వాత యుగోస్లావియా తేరుకుని 4-1తో గెలిచింది. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి మన జట్టు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

పతకం రాలేదు. కానీ 10-1 నుంచి, అదే ప్రత్యర్థిని ఆధిక్యంలో వెనక్కి నెట్టే దాకా నాలుగేళ్లలో ఎదగడం సామాన్యమైన విషయం కాదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా జట్టు సెమీఫైనల్ చేరడం అదే మొదటిసారి.

రోమ్‌లో కన్నకొడుకు

1960లో రోమ్ ఒలింపిక్స్‌కు కూడా రహీం జట్టును తీసుకువెళ్లారు. అప్పటి నాయకుడు పి.కె. బెనర్జీ. బలమైన హంగేరీతో 1-2 తేడాతో ఓడారు. ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచారు. పెరూ చేతిలో 1-3తో ఓడారు. ముందంజ వేయలేదు గానీ, ఐరోపా జట్ల ఎదుట మన ఆట తలదించుకోలేదు.

ఆ జట్టుతో పాటు రోమ్ వెళ్లిన ఆటగాళ్లలో సయ్యద్ షాహిద్ హకీం ఒకరు. ఆయన రహీం కుమారుడే. శిక్షకుడి కొడుకు కదా, ఒక్క మ్యాచి అయినా ఆడించి ఉంటారని అనుకుంటాం. హకీం రోమ్‌లో ఒక్క మ్యాచి కూడా ఆడలేదు. పదవుల్లో ఉన్నవారు తమవారిని ముందుకు నెట్టడం చూసి చూసి అలవాటుపడిన మనకు ఈ చిన్న సంగతి పెద్దదిగానే కనిపిస్తుంది. హకీం తర్వాత వైమానిక దళంలో అధికారిగా పనిచేశారు, ఆటకు సేవ చేశారు, 2021లో కన్నుమూశారు.

జకార్తా

రహీం జీవితంలో అత్యంత కష్టమైన పరీక్ష 1962లో వచ్చింది. ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాలుగో ఆసియా క్రీడలు జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అందరినీ రానివ్వనప్పుడు వీటిని ఆసియా క్రీడలని అనడం తగదని భారత క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ అభ్యంతరం తెలిపారు. దాంతో అక్కడి జనానికి మన దేశం మీద కోపం వచ్చింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్లు బస్సులో పోవాలన్నా భయపడే పరిస్థితి. మైదానంలో మనవాళ్లు అడుగు పెడితే చాలు, జనం గేలి చేసేవారు.

ఆట కూడా ఓటమితోనే మొదలైంది. తొలి మ్యాచిలో దక్షిణ కొరియా 2-0తో గెలిచింది. అది 1956లోనూ, 1960లోనూ ఆసియా కప్పు గెలిచిన జట్టు. ఆ తర్వాత మనవాళ్లు థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు. థాయిలాండ్ మ్యాచిలో వెనుకవరుసకు గుండెకాయ లాంటి జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. కుట్లు పడ్డాయి.

ఇక్కడే రహీం బుర్ర పనిచేసింది. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనుక కాపలాకు పెట్టడం కష్టం. పక్కన కూర్చోబెడితే అంత గుండె ధైర్యం ఉన్న ఆటగాడు వృథా. ఆయన జర్నైల్‌ను తీసుకెళ్లి ముందువరుస నడుమ నిలబెట్టారు. ఎన్నాళ్లుగానో గోల్స్ ఆపే పని చేస్తున్నవాడికి గోల్స్ కొట్టే పని అప్పగించారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌లో జర్నైల్ గోలు కొట్టాడు. మనవాళ్లు 3-2తో గెలిచి ఫైనల్ చేరారు. ఫైనల్‌లో ఎదురయ్యింది మళ్లీ దక్షిణ కొరియానే.

ఫైనల్‌కు ముందు రోజు రాత్రి ఆటగాళ్లకు కంటి మీద కునుకు లేదు. రహీం వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని తనకు ఒక కానుక కావాలని, ఆ కానుక రేపటి స్వర్ణ పతకమేనని అడిగారని ఆ జట్టులోని ఆటగాళ్లు తర్వాతి కాలంలో చెప్పుకొచ్చారు. అప్పటికే ఆయన ఒంట్లో బాగులేదు.

1962 సెప్టెంబరు 4. మైదానం చుట్టూ దాదాపు లక్షమంది. దాదాపు అందరూ మన ఓటమి కోరేవారే. ఆ జనంలో మనవారిని ప్రోత్సహించిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారని మన ఆటగాళ్లు కృతజ్ఞతతో గుర్తు చేసుకునేవారు. ఫ్లూ జ్వరం నుంచి కోలుకున్న పొడగరి తంగరాజ్‌ను రహీం గోలు ముందు నిలబెట్టారు. నడుమ గోవా ఆటగాడు ఫ్రాంకో, ముందువైపు పి.కె. బెనర్జీ, నాయకుడు చునీ గోస్వామి, మన బలరాం. వారితో పాటు హైదరాబాద్ పోలీసు జట్టు వాడైన యూసుఫ్ ఖాన్.

పదిహేడో నిమిషంలో బెనర్జీ గోలు కొట్టారు. మూడు నిమిషాలకే, తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ రెండో గోలు కొట్టాడు. జనం నోళ్లు మూతబడ్డాయి. చివర్లో, ఆట ముగియడానికి అయిదు నిమిషాల ముందు కొరియా ఒక గోలు తీర్చుకుంది. ఆ అయిదు నిమిషాలూ మనవారు గట్టు తెగకుండా కాచారు. 2-1. స్వర్ణం మనది.

ఓడించిన జట్టు మీదే, తిట్టే జనం మధ్యే, గాయపడిన ఆటగాడిని కొత్త చోట నిలబెట్టి గెలిచిన గెలుపు అది. ఆటలో పిల్లలకు పుస్తకం నేర్పలేని పాఠాలు ఉంటాయనడానికి ఇంతకంటే తార్కాణం అక్కర్లేదు.

ఆఖరి రోజులు

జకార్తా నుంచి తిరిగొచ్చిన రహీం సాహెబ్ ఎక్కువ కాలం బతకలేదు. ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. సిగరెట్లు విపరీతంగా కాల్చే అలవాటు ఆయనకు ఉండేది. ఆటగాళ్ల తిండి, నిద్ర, ఊపిరి అన్నిటినీ కనిపెట్టుకుని ఉన్న మనిషి తన ఊపిరిని మాత్రం కాపాడుకోలేకపోయారు. బీడీ, చుట్ట అలవాటున్న మన ఊళ్ల పెద్దలు ఈ సంగతి కూడా మనసుకు పట్టించుకోవాలి.

మంచం పట్టి కొన్ని నెలలు బాధపడి, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభైమూడేళ్లు. జకార్తా గెలుపుకు ఏడాది కూడా నిండలేదు.

మంచి శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలయింది. అంటే రహీం పోయిన ఇరవైరెండేళ్లకు. అంతదాకా ఆయన పేరు ఆటగాళ్ల నోళ్లలోనే బతికింది. 2024 ఏప్రిల్‌లో ఆయన జీవితం ఆధారంగా అజయ్ దేవ్‌గణ్ నటించిన మైదాన్ అనే హిందీ సినిమా విడుదలైంది. చాలామంది తెలుగువారికి ఆయన పేరు తెలిసింది అప్పుడే.

బీడు పడిన చేను

ఆయన నాటిన విత్తనాలు కొన్నాళ్లు ఫలించాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్‌కు కాంస్యం దక్కింది. ఆ జట్టుకు నాయకుడు హైదరాబాద్ వాడైన సయ్యద్ నయీముద్దీన్. శిక్షకుల్లో ఒకరు రహీం దగ్గర ఆడిన పి.కె. బెనర్జీ. అక్కడితో ఆ పంట అయిపోయింది. ఆ తర్వాత మన పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడల్లో పతకం లేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌కు అర్హతే పొందలేదు.

ఎందుకిలా జరిగిందన్నది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒక మనిషి చేసిన పనిని ఆ మనిషితోనే పోనిచ్చాం. ఆయన బడుల్లో పిల్లలకు పోటీలు పెట్టేవారు. ఆయన పోయాక పిల్లల దాకా దిగివచ్చి వెతికేవారు తగ్గిపోయారు. పోలీసు జట్టులో చోటు దొరికితే ఉద్యోగం దొరికేది. ఆ దారీ క్రమంగా సన్నబడింది. జట్లు పై నుంచి తయారు కావు. వేరు నుంచి పెరగాలి. చెనిక్కాయ చేనుకు ఆ సంగతి మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

మన అనంతపురం ప్రాంతానికి ఫుట్‌బాల్ పరాయిది కాదు. ఆర్డీటీ సంస్థ ఏర్పాటు చేసిన మైదానాల్లో ఎందరో పల్లె పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఈ ఆట నేర్చుకున్నారు. చిలమత్తూరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినా, కరువు అదే, పిల్లల కాళ్లలో చురుకుదనం అదే.

ఫుట్‌బాల్‌కు కావలసింది చాలా తక్కువ. ఒక బంతి, చదునైన నేల, సాయంత్రం ఒక గంట కేటాయించగల ఒక అయ్యవారు. బ్యాటు అక్కర్లేదు, ప్యాడ్లు అక్కర్లేదు. బడి ఆవరణలో ఆటస్థలం ఆక్రమణల పాలు కాకుండా చూడడం, పెంకులూ ముళ్లూ ఏరివేయించడం, నెలకో పోటీ పెట్టించడం పంచాయతీ పెద్దలకు, తల్లిదండ్రులకు పెద్ద భారం కాదు. పిల్లవాడు కుడికాలితో బాగా తన్నుతుంటే వాడిని ఎడమకాలితోనూ తన్నమని చెప్పడానికి పైసా ఖర్చు లేదు.

రహీం సాహెబ్ దగ్గరా అంతకుమించి ఉన్నదేమీ లేదు. బడి, మైదానం, ఒక బంతి, కొందరు పేద పిల్లలు. వాటితోనే ఆయన దేశాన్ని ఒలింపిక్ సెమీఫైనల్ దాకా తీసుకుపోయారు. ఈ సాయంత్రం ఎండిన చెరువులో ఆడుకుంటున్న మన పిల్లల్లో ఒక బలరాం ఉన్నాడో లేదో ఎవరూ చెప్పలేరు. వాళ్లను నిలబడి చూసే ఒక పెద్దమనిషి ఊరికొకరు ఉంటే, కనీసం ఆ సంగతి తేలుతుంది.